బడి గుమ్మం దగ్గర విడిచిన భాష

గుడిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు బయట విడిచి వెళ్తాము. అందులో అవమానమేమీ లేదు, అది మర్యాద. తిరిగి వచ్చేసరికి చెప్పులు అక్కడే ఉంటాయి, తొడుక్కుని ఇంటికి పోతాము. బడి విషయంలోనూ ఇదే న్యాయం చెల్లుతుందని వాదించేవారు నాకు చాలామంది తారసపడ్డారు. "ఇంట్లో ఏ భాష అయినా మాట్లాడుకోండి. బడిలోకి మాత్రం ఇంగ్లీషుతో రండి. సాయంత్రం మీ భాష మీకు ఉంటుంది కదా" అని వారు అంటారు. ఈ మాట పైకి ఎంతో సమంజసంగా కనిపిస్తుంది. ఎవరి భాషనూ నిందించదు, ఎవరినీ తక్కువ చేయదు, అందరికీ ఒకే నియమం పెడుతుంది. అయినా ఇది న్యాయమేనా అన్నది ఈ వ్యాసంలో నేను ఆలోచించదలచిన ప్రశ్న.

ఈ వాదాన్ని పరీక్షించడానికి మనకు దూరపు సాక్ష్యాలు అక్కరలేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అప్పటినుండి 1911 వరకు ఒప్పందపు కూలీలుగా ఈ నటాల్ గడ్డ మీద అడుగుపెట్టినవారు సుమారు 1,52,000 మంది. విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల నుండి వచ్చిన మన పూర్వులు వారిలో ఉన్నారు. వారి పిల్లలకు, మనుమలకు దొరికిన బడులలో బోధన ఇంగ్లీషులో సాగింది. తరువాతి కాలంలో ఆఫ్రికాన్స్ కూడా నేర్వవలసి వచ్చింది. తెలుగుకు ఆ గోడల మధ్య చోటు లేదు. గుడి వసారాలలో, ఎవరో ఒకరి ఇంటి ముందుగదిలో, పని నుండి అలసివచ్చిన పెద్దలు నడిపిన సాయంకాలపు తరగతులే తెలుగుకు బడి అయ్యాయి. 1931లో డర్బన్‌లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ ఆ తరగతులకు ఒక ఆధారం కల్పించింది. నాకు వచ్చిన తెలుగు అంతా అటువంటి సాయంకాలాలలో వచ్చినదే.

అంటే మన వారు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్ళారు. బయటికి వచ్చినప్పుడు ఏమైంది? మా అవ్వ తరం తిరిగి తొడుక్కున్నది. మా అమ్మ తరం ఒక కాలికి తొడుక్కున్నది. నా తరువాతి తరం వచ్చేసరికి అక్కడ చెప్పులు లేవు. ఎవరూ దొంగిలించలేదు. బడి రోజుకు ఆరు గంటలు, సంవత్సరానికి దాదాపు రెండువందల రోజులు సాగుతుంది. లెక్క, ప్రకృతి, చరిత్ర, స్నేహం, పోట్లాట, ఆశ, ఇవన్నీ ఒక భాషలో పెరుగుతూ ఉంటే, రెండవ భాషకు మిగిలేవి అన్నం, స్నానం, నిద్ర. వాటితో మాత్రమే ఏ భాషా పెద్దది కాలేదు. తెలుగులో మనకు నేటికీ మిగిలినవి ఏవో చూసుకోండి: కూరల పేర్లు, చుట్టరికాల పేర్లు, పూజలో పలికే మాటలు. వంటింట్లోను, దేవుని గదిలోను చోటు దొరికిన మాటలే బ్రతికాయి. బడిలో చోటు దొరకవలసిన మాటలు, అంటే 'ఎందుకు', 'ఎలా', 'నేను ఒప్పుకోను' అని పెద్ద విషయాల మీద వాదించగల మాటలు, అవే పోయాయి.

ఈ కథ మనకు తెలియనిది కాదు. ప్రతి ఉగాదికి వేదిక మీద దీనిని చెప్పుకుని బాధపడుతూనే ఉంటాము. అయితే ఈ బాధ మనకు ఏమి నేర్పింది అన్న ప్రశ్న మాత్రం వేదిక మీద వినిపించదు. ఆ ప్రశ్నను అడిగించే పిల్లలు ఇప్పుడు మన బడులలోనే కూర్చుని ఉన్నారు.

1990ల ఆరంభంలో బడుల తలుపులు అన్ని జాతుల పిల్లలకూ తెరుచుకున్నాయి. చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వంటి చోట్ల ఒకప్పుడు భారతీయుల కొరకు మాత్రమే నడిచిన ప్రాథమిక పాఠశాలలకు ఇనాండా, క్వామాషు, ఉమ్లాజీల నుండి పిల్లలు తెల్లవారుజామున టాక్సీలు ఎక్కి వస్తున్నారు. చాలా తరగతులలో నేడు ఎక్కువమంది పిల్లల ఇంటి భాష జులు. వారి ప్రక్కన ఇంట్లో స్వాహిలీ, ఫ్రెంచి మాట్లాడే కాంగో పిల్లలు, షోనా మాట్లాడే జింబాబ్వే పిల్లలు, చిచేవా మాట్లాడే మలావీ పిల్లలు ఉంటారు. గంట కొట్టగానే అందరికీ వర్తించే నియమం ఒకటే: ఇంగ్లీషులో మాట్లాడండి. ఆ నియమాన్ని అమలు చేసే ఉపాధ్యాయులలో మన తెలుగు, తమిళ, హిందీ, గుజరాతీ ఇళ్ళవారు ఎందరో ఉన్నారు. ఏ గుమ్మం దగ్గర మన భాష పోయిందో, ఆ గుమ్మానికి నేడు కావలివాళ్ళం మనమే.

ఇక్కడ కొందరు ఒక హక్కు మాట ఎత్తుతారు. దానిని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. "ఈ బడులను మన తాతలు కట్టించారు. ప్రభుత్వం కొంత ఇస్తే, మిగిలినది చెరకుతోట కూలీలు, కూరగాయల బండ్లవారు చందాలు వేసుకుని ఇచ్చారు. ఆ బడి ఎలా ఉండాలో చెప్పే హక్కు మనకు లేదా?" అని వారు అడుగుతారు. చందాల మాట నిజమే. ఆ కాలపు అనేక బడుల ఇటుకలలో మన వారి చెమట ఉన్నది. కాని వారు దేని కొరకు ఇచ్చారు? తమ పిల్లలను చేర్చుకునే బడి లేదు గనుక ఇచ్చారు. తలుపు మూసిన చోట తలుపు తెరిపించడానికి కట్టిన ఇంటిని, మరొకరికి తలుపు సగమే తెరవడానికి ఆధారంగా చూపడం ఆ దాతల మాటను తలక్రిందులు చేయడమే అవుతుంది.

'స్వాగతం' అన్న మాటను కూడా ఒకసారి తూచి చూడాలి. ఇంటివారు వచ్చినవారిని స్వాగతిస్తారు. ఈ నేలపై ఇంటివారు ఎవరు? క్వాజులు-నటాల్‌లో నలుగురిలో ముగ్గురికి పైగా ఇంట్లో మాట్లాడేది జులు భాష. దేశమంతటిలోనూ ఎక్కువమందికి ఇంటి భాష అదే. మన పూర్వులు ఓడ దిగేనాటికి ఈ కొండలకు, ఈ నదులకు ఆ భాషలో పేర్లు ఉన్నాయి. అటువంటి భాషను మనం 'స్వాగతిస్తున్నాము' అనడం, చుట్టపుచూపుగా వచ్చినవాడు ఇంటి యజమానిని కుర్చీ వేసి కూర్చోమన్నట్లు ఉంటుంది. కాంగో నుండి వచ్చిన బిడ్డ విషయంలో ఆ మాట సరిపోతుంది. జులు బిడ్డ విషయంలో సరిపోదు. అక్కడ మనం చేయవలసినది దారి తొలగడం.

అయితే అసలు చిక్కు మరొకచోట ఉన్నది. జులు తల్లిదండ్రులలో చాలామంది తామే ఇంగ్లీషు కావాలంటారు. ఇంటి దగ్గర బడిని వదిలి, టాక్సీ కిరాయి భరించి, పిల్లలను ఇంత దూరం పంపేది అందుకే. వారు వద్దన్న దానిని మనం వారి నెత్తిన పెట్టడం దయ పేరిట పెత్తనం కాదా? ఈ ఆక్షేపణ బలమైనది. దీని వెనుక ఒక గాయం కూడా ఉన్నది. 1953 నాటి బంటు విద్యా చట్టం తరువాత ఆఫ్రికన్ పిల్లలకు మొదటి ఎనిమిదేళ్ళు మాతృభాషలోనే బోధించారు. అది ఆ భాషల మీద ప్రేమతో చేసిన పని కాదు. కూలిపనికి మించి వారు ఎదగకుండా ఉంచాలన్న ఏర్పాటులో అది ఒక భాగం. ఆ తరువాత అదే ప్రభుత్వం ఆఫ్రికాన్స్‌ను బోధనా భాషగా రుద్దబోతే, 1976 జూన్ 16న సొవెటో పిల్లలు వీధికెక్కారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. మాతృభాషను కంచెగా వాడవచ్చునని, పరభాషను కర్రగా వాడవచ్చునని ఒకే తరం ఇక్కడ చూసింది. కనుక 'మాతృభాషలో చదువు' అనగానే ఒక జులు తాత ముఖం ముడుచుకుంటే ఆయనను అజ్ఞాని అనకూడదు.

కాని వారు అడిగినది ఏమిటో సరిగా వినాలి. వారు ఇంగ్లీషు కావాలన్నారు. జులు పోవాలని అనలేదు. మొదటి కోరికను రెండవదానికి అనుమతిగా తీసుకున్నది బడి. ప్రవేశ దరఖాస్తులో 'ఇంటి భాష' అని ఒక గడి ఉంటుంది. బిడ్డ తల్లి కొంగు పట్టుకుని జులులో గుసగుసలాడుతూ ఉంటుంది. తల్లి ఆ గడిలో 'ఇంగ్లీషు' అని వ్రాస్తుంది. నా ఉద్యోగకాలంలో ఇటువంటి దరఖాస్తులు ఎన్ని చూశానో లెక్క లేదు. ఆ తల్లి అబద్ధాలకోరు కాదు. నిజం వ్రాస్తే సీటు రాదేమోనన్న భయం ఆమెది. సత్యం పలకమని బోధించే బడి, తన మొదటి కాగితంలోనే ఒక తల్లి చేత అసత్యం వ్రాయిస్తున్నదంటే తప్పు ఎవరిది? మన తెలుగు ఇళ్ళవారు కూడా ఆ గడిలో 'ఇంగ్లీషు' అనే వ్రాస్తారు. మనం వ్రాసేది నిజమే. రెండు దరఖాస్తులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో జరగబోతున్నది రెండవదానిలో జరిగిపోయి కనిపిస్తుంది.

ఇక భాషను ఆదరించడమంటే ఏమిటి? చాలా బడులలో అది గోడమీద రంగుకాగితంగా ఉంటుంది. ముఖద్వారం దగ్గర పన్నెండు అధికార భాషల పేర్లు, పలకరింపులు. సెప్టెంబరులో వారసత్వ దినం నాడు పూసల దుస్తులు, చీరలు, ఒక పాట. వాటిని నేను ఎగతాళి చేయడం లేదు. పండుగకు తోరణం కట్టాలి. అయితే తోరణం కట్టి, పొయ్యి వెలిగించకపోతే వచ్చినవారు ఆకలితో పోతారు. జులులో పలకరింపు 'సావుబోనా'. దానికి 'మేము నిన్ను చూశాము' అని అర్థం. ఆ మాట గోడమీద వ్రాసి ఉన్న తరగతిలోనే జులు బిడ్డ సంవత్సరమంతా నోరు విప్పకుండా కూర్చుంటుంది. పరీక్షలో ఆమెకు 'మందబుద్ధి' అన్న అర్థం వచ్చే మార్కులు పడతాయి.

ఈ గడ్డమీద జులు భాషను మన వారు అసలు నేర్వలేదని కాదు. ఫనగలో అని ఒక మిశ్రమ భాష ఉన్నది. అందులోని మాటలు చాలావరకు జులువి. కొన్ని ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్‌వి. తోటలలో, వంటిళ్ళలో, బంగారు గనులలో దానితో పని నడిచింది. మన దుకాణాలలో, మన పెరళ్ళలో కూడా నడిచింది. దానితో 'తే', 'పో', 'త్వరగా కానీ' అనవచ్చును. 'నీ అభిప్రాయం ఏమిటి' అని అడగవలసిన అవసరం ఆ భాషకు ఎన్నడూ రాలేదు. జులు ప్రజలు దానిని అవమానంగా భావించడంలో ఆశ్చర్యం లేదు. ఆజ్ఞాపించడానికి ఒక భాషను వాడుకోవడం వేరు, ఆ భాషలో ఎదుటివాని ఆలోచన వినడం వేరు. ప్రాథమిక పాఠశాలలో ఈ భేదం ప్రతిరోజూ ఎదురవుతుంది.

లెక్కల తరగతినే తీసుకోండి. జులులో ఆరును 'ఇసిథుఫ' అంటారు, బొటనవ్రేలు అన్నమాట. ఏడు 'ఇసిఖొంబిస', అంటే చూపేది. రెండవ చేతి చూపుడువ్రేలికి లెక్క వచ్చిందని అర్థం. ఎనిమిది 'ఇసిషియగలొంబిలి', రెండు వ్రేళ్ళు విడిచినది. తొమ్మిది 'ఇసిషియగలొలున్యే', ఒక వ్రేలు విడిచినది. అంటే పదిలో రెండు తీస్తే ఎనిమిది, ఒకటి తీస్తే తొమ్మిది అన్న లెక్క ఆ బిడ్డ నోటిలో పుట్టుకతోనే ఉన్నది. పదకొండు 'ఇషుమి నాన్యే': పదీ, ఒకటీ. మన 'పదకొండు'లోనూ పది వినిపిస్తుంది. ఇంగ్లీషు 'ఎలెవెన్'లో ఏ పదీ వినిపించదు. స్థానవిలువ అనే కష్టమైన పాఠానికి ఇంతకంటే మంచి మెట్టు ఏమున్నది? ఆ మెట్టును బిడ్డ ఇంటినుండి తెచ్చింది. మనం దానిని గుమ్మం దగ్గర పెట్టించి, లోపల ప్లాస్టిక్ పూసలు ఇచ్చి, ఇంగ్లీషులో పది ఎందుకు పదో వివరించాము.

పేర్ల సంగతి చెప్పాలి. పేరు బిడ్డ భాషలో మొదటి మాట. ఇక్కడ మన సాయంకాలపు తరగతి పిల్లలకు ఒక చిన్న వరం ఉన్నది. జులులో 'థాండీ' అనే పేరులోని మొదటి అక్షరం మన 'థ' వంటిది, గాలితో పలికే తకారం. ఇంగ్లీషు అలవాటున్న నాలుక దానిని 'థింక్' అన్న ఇంగ్లీషు మాటలోలాగా పలికి పాడుచేస్తుంది. 'ఫూమ్‌జిలె'లోనిది ఇంగ్లీషువారు పెదవి కొరికి పలికే ధ్వని కాదు. 'ఫలము'లో మన గురువులు పట్టుబట్టి పలికించే, ఊపిరితో కూడిన పకారం. వత్తులు నేర్చిన తెలుగు పిల్ల ఆ పేర్లను ఎవరికంటే సరిగా పలకగలదు. ఇక జులులోని మూడు విధాల టక్కు ధ్వనులున్నాయి, నాలుకను పండ్లకో అంగిటికో చెంపకో అంటించి లాగేవి. మన యాభైఆరు అక్షరాలలో వాటికి ఒక్క అక్షరమూ లేదు. అవి కష్టం. అయినా నేర్వవచ్చును, వారం రోజులు అద్దం ముందు నవ్వులపాలైతే వస్తాయి. పేరు పలకడం రాక బిడ్డకు 'ప్రిన్సెస్' అనో 'బ్యూటీ' అనో బడిపేరు పెట్టేవారు, మన తాతల పేర్లను ఓడ పట్టికలలో ఇష్టం వచ్చినట్లు వ్రాసుకున్న గుమాస్తాలను తిట్టుకునే అర్హత కోల్పోతారు.

"నాకు జులు రాదు, స్వాహిలీ అసలే రాదు. రాని భాషను తరగతిలోకి ఎలా రానిస్తాను?" అని ఒక యువ ఉపాధ్యాయిని అడిగితే ఏమి చెప్పాలి? ఉపాధ్యాయునికి భాష వచ్చి తీరాలన్నది మంచి కోరికే. అది లేకుండానే చేయగలిగినది కూడా చాలా ఉన్నది. ఇద్దరు పిల్లలు ఒక లెక్కను తమ భాషలో చర్చించుకుని, జవాబును ఇంగ్లీషులో చెప్పవచ్చును. కథను మొదట ఇంటి భాషలో వ్రాసి, తరువాత ఇంగ్లీషులోకి తెచ్చుకోవచ్చును. నాయనమ్మను అడిగి ఒక చెట్టు పేరు తెలుసుకుని రమ్మనవచ్చును. తల్లిదండ్రుల సభలో మాట కలిపేవారిని ఒకరిని కూర్చోబెట్టవచ్చును. వీటికి ఖర్చు లేదు. అడ్డు వచ్చేది వేరొకటి. తరగతిలో తనకు అర్థం కాని మాట వినిపిస్తే, పిల్లలు తనను గురించే నవ్వుకుంటున్నారేమోనని పెద్దలకు అనుమానం కలుగుతుంది. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు నవ్వుకుంటారు కూడా. మనమూ ఆఫ్రికాన్స్ మాస్టర్ల వెనుక ఇంటి మాటలలో నవ్వుకోలేదా? ఒక గదిలో నాకు అర్థం కానిది కొంత జరుగుతుందని ఒప్పుకోవడం, అధికారంలో ఉన్నవారికి కష్టమైన వినయం. బిడ్డ భాషను ఆదరించడంలో అసలు పరీక్ష ఇదేనని నా నమ్మకం.

అన్ని భాషలకూ అన్నీ సమానంగా ఇవ్వాలని నేను అనను. ఇది మన పాఠకులలో కొందరికి నచ్చదని తెలిసే వ్రాస్తున్నాను. 1984లో భారతీయ పాఠశాలలలో తెలుగును ఐచ్ఛిక విషయంగా పెట్టారు. మన ఇళ్ళలో అప్పటికే అది మాట్లాడే భాషగా చాలావరకు పోయింది. 1996 రాజ్యాంగం గౌరవించవలసిన భాషల జాబితాలో మన భాషను పేర్కొన్నది. 'తెలెగు' అని వ్రాశారు. సరే, గుణింతం తప్పినా గుర్తుంచుకున్నారు. 2014లో తెలుగుతో సహా ఐదు భారతీయ భాషలను బడులలో మళ్ళీ ఐచ్ఛికంగా అనుమతించారు. వీటికి నేను కృతజ్ఞుడిని. అయినా తెలుగు మన పిల్లలకు వారసత్వం. జులు ఆ పిల్లలకు ఊపిరి. వారసత్వాన్ని వారాంతంలో గుడి హాలులో అందుకోవచ్చును. ఊపిరిని గంట కొట్టాక తీసుకోమనలేము. రెండు భాషలకూ గౌరవం ఒకటే, అవసరం ఒకటి కాదు. 'జులుకు ఇస్తే మా తెలుగుకూ అన్ని గంటలు ఇవ్వాలి' అని పట్టుబట్టి, చివరకు రెండింటికీ ఏమీ రాకుండా చేసే వాదాన్ని నేను సభలలో విన్నాను. దానివల్ల బలపడేది ఇంగ్లీషు ఒక్కటే.

మన పిల్లల జులు పాఠాలను గురించి ఒక మాట. అనేక బడులలో జులును అదనపు భాషగా చెబుతారు. అక్కడ జులు బిడ్డ తన తల్లిభాషలో 'ఇది కుర్చీ, ఇది బల్ల' అని మన పిల్లలతో కలిసి మొదటినుండి వల్లిస్తూ కూర్చుంటుంది. మన తల్లిదండ్రులలో కొందరు, మార్కులు తేలికగా వస్తాయని ఆఫ్రికాన్స్‌నే కోరుతారు. ఏ భాష మాట్లాడే జనం మధ్య ఆ పిల్లలు జీవించబోతున్నారో వారు ఎప్పుడు ఆలోచిస్తారో తెలియదు.

2025లో ప్రభుత్వం నాలుగవ తరగతితో మొదలుపెట్టి మాతృభాషాధార ద్విభాషా విద్యను అమలులోకి తేవడం ఆరంభించింది. అయినా 1996 పాఠశాలల చట్టం ప్రకారం ప్రతి బడి భాషావిధానాన్ని నిర్ణయించేది ఆ బడి పాలకమండలి. ఒకటికంటే ఎక్కువ బోధనా భాషలు పెట్టమని ఆదేశించే అధికారాన్ని 2024 సవరణ ప్రాంతీయ విద్యాధికారికి ఇచ్చింది గాని, మండలి పని పోలేదు. మండలిలో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉంటారు, మూడేళ్ళకొకసారి ఎన్నికలు జరుగుతాయి; 2024లో జరిగాయి, మళ్ళీ 2027లో వస్తాయి. ఈ పత్రిక చదివే ఇళ్ళలో పలువురు అటువంటి మండళ్ళలో ఉన్నారని, మరికొందరు నిలబడబోతున్నారని నాకు తెలుసు. తదుపరి సమావేశంలో ప్రవేశ దరఖాస్తును బల్లమీద పెట్టించండి. 'ఇంటి భాష' గడి క్రింద ఒక వాక్యం చేర్చమని అడగండి: ఇక్కడ ఏ భాష పేరు వ్రాసినా బిడ్డ ప్రవేశానికి ఆటంకం ఉండదు అని. ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోను, జులులోను అచ్చువేయించండి.